డాలు మీద నిలువు గీతలు

అక్క సంచి సర్దుతోంది.

చొక్కాలు అడుగున. తువ్వాలు పైన. గడ్డం గీసుకునే సామాను పక్క అరలో. మేజోళ్లు ఆరు జతలు.

"నాకున్నవి రెండు కాళ్లేనక్కా," అన్నాడు తమ్ముడు.

"ఉతుక్కునే బుద్ధి ఉందా నీకు? నోరు మూసుకుని జిప్పు లాగు."

సోమవారం ఉదయం ఏడు గంటలు.

అతను గాజు ఊదే పనివాడు. చిన్నప్పటి నుంచీ మేస్త్రి కార్ఖానాలోనే పని నేర్చుకున్నాడు. ఇప్పుడు వేరే ఊళ్లో సొంత కొలిమి పెట్టబోతున్నాడు. తను చేసే ప్రతి సీసా అడుగున వేసుకోవడానికి డాలు ఆకారంలో ఒక చిహ్నం గీయించుకుంటున్నాడు. డాలు నడుమ గాజు ఊదే గొట్టం. దాని పక్కనే సూది.

"సూదెందుకురా, నీ మొహం!"

"నువ్వు బట్టలు కుట్టి పెంచితేనే కదా ఈ మొహం ఇంతయింది."

అక్క వేసిన జిప్పే మళ్లీ తీసి వేసింది.

బయట హారన్ మోగింది. స్టేషన్లో తనే దింపుతానని మేస్త్రి వ్యాన్ తెచ్చాడు.

మర్నాడు సంచి దొరికింది. రైలు ఆగిపోయే చివరి స్టేషన్లో, ఖాళీ బోగీలో. ఫోన్ అందులోనే ఉంది. మనిషి లేడు.

గురువారం మధ్యాహ్నం ఇన్‌స్పెక్టర్ ముగ్గురినీ అక్క ఇంటి ముందుగదిలో కూర్చోబెట్టింది. కుట్టుమిషన్ దగ్గర అక్క. తలుపు పక్కన మేస్త్రి. కిటికీ కింద చిహ్నాలు గీసి చెక్కే పెద్దావిడ.

అక్క చేతిలో ఫోన్ ఉంది. సోమవారం ఉదయం చిహ్నం బొమ్మ పంపితే, తమ్ముడి ఫోన్ నుంచి పెద్దావిడకు జవాబుగా వచ్చిన ఆఖరి మెసేజ్‌ను ఆవిడే అక్కకు పంపింది.

"బాగుంది. ఆ గీతలు మాత్రం తీసేయండి. శుభ్రంగా ఉంటుంది."

టైము 8.35. రైలు కదిలింది 8.40కి.

"రైలెక్కేదాకా బాగానే ఉన్నాడు కదమ్మా? ఎక్కడో దిగి ఉంటాడు. వెతికించండి," అంది అక్క. ఆ మెసేజ్‌లోని మాటలు ఆమెకు పట్టలేదు. టైము ఒక్కటే చూసుకుంటోంది.

ఇన్‌స్పెక్టర్ మేస్త్రి వైపు తిరిగింది.

"దారిలో ఎక్కడైనా ఆగారా?"

"లేదు మేడమ్."

"అతని ఫోన్ లాక్ ఎవరికి తెలుసు?"

"కార్ఖానాలో అందరికీ. పాటలు పెట్టుకునేది దాంట్లోనే."

"ఈ మెసేజ్ అతనే పంపాడా?"

"కళ్లారా చూశాను. కిటికీ పక్కన కూర్చుని టైప్ చేశాడు. ఆ బొమ్మ గురించేనన్నాడు. అదేం పిచ్చో! సీసాలు ఊదేవాడికి డాలెందుకు మేడమ్? యుద్ధానికెళ్తున్నాడా?"

ఎవరూ నవ్వలేదు.

ఇన్‌స్పెక్టర్ బల్ల మీద ఒక కాగితం పరిచింది. నల్ల సిరాతో గీసిన డాలు. గొట్టం, సూది. వాటి వెనక డాలు నిండా సన్నని నిలువు గీతలు.

"ఈ డాలు ఏ రంగు, మేస్త్రీ?"

"రంగెక్కడుంది? తెల్ల కాగితం, నల్ల గీతలు."

"ఆ గీతలెందుకు?"

"నీడ కోసమేమో. మురిగ్గా ఉంది."

"మీరు చెప్పండమ్మా."

అక్క కాగితం వైపు చూడనైనా లేదు. "ఎరుపు."

"ఎలా తెలుసు?"

"వాడే చెప్పాడు. ఒక్క సిరాతో అచ్చు వేసేటప్పుడు రంగుల్ని గీతలతో చూపిస్తారట. నిలువు గీతలు ఎరుపు. అడ్డగీతలు నీలం. చుక్కలు బంగారం. ఎరుపంటే కొలిమి మంటక్కా, అది లేకపోతే నా పనే లేదు అనేవాడు. ఆ ఎరుపంటే చెవి కోసుకుంటాడు..."

ఆమె ఆగిపోయింది. ఫోన్ వైపు చూసింది. ఈసారి మాటలు చదివింది.

"నేనూ ఎందుకని అడగలేదమ్మా," అంది పెద్దావిడ నెమ్మదిగా. "ఆ ఎరుపు కోసం మూడు నెలలు నాతో పోట్లాడాడు. చివరికి తీసేయమన్నాడేంటని మనసు కష్టపెట్టుకుని ఊరుకున్నాను."

"గీతలు తీసేస్తే డాలు తెల్లబడిపోతుంది," అంది ఇన్‌స్పెక్టర్. "ఆ మాట అతను రాయడు. అవి రంగని తెలియనివాళ్లు రాస్తారు. అతను రాస్తుంటే చూశానన్నది మీరొక్కరే, మేస్త్రీ."

మేస్త్రి లేచాడు. గుమ్మంలో కానిస్టేబుల్ నిలబడి ఉన్నాడు. మళ్లీ కూర్చున్నాడు.

"కార్ఖానా దగ్గర ఆపమన్నాడు. తన గొట్టం తీసుకుంటానని. నేనిచ్చిన గొట్టం! ఊపిరి ఎలా పట్టాలో నేర్పింది నేను. నా పని మీద వాడి గుర్తు వేస్తాడా? మాటా మాటా పెరిగింది. చేతిలో ఆ గొట్టమే ఉంది..."

"తర్వాత?"

"స్టేషన్‌కెళ్లి సంచి రైల్లో పెడుతుంటే వాడి ఫోన్‌కి ఈవిడ పంపిన ఆ బొమ్మ వచ్చింది. జవాబు లేకపోతే ఈవిడ ఫోన్ చేస్తుందని ఏదో ఒకటి రాసి, ఫోన్ సంచిలో పడేశాను."

"మనిషి ఎక్కడ?"

"పెరట్లో. పగిలిన గాజు పోసే గుంతలో." అక్క వైపు తిరిగాడు. "చెల్లెమ్మా..."

"అలా పిలవకు."

కానిస్టేబుల్ అతన్ని తీసుకెళ్లాడు. వాకిట్లో జీపు స్టార్టయిన చప్పుడు వినిపించింది.

"మేడమ్," అంది అక్క. "మీరా గీతలు చూడకపోయినా బాగుండేది. ఎక్కడో దిగిపోయాడనుకునేదాన్ని."

ఇన్‌స్పెక్టర్ టోపీ తీసి చేత్తో పట్టుకుంది.

తమ్ముడు సోమవారం ఉదయం ఏడు దాటాక ఇంట్లోంచి వెళ్లాడు. మళ్లీ రాలేదు.