గుట్ట మీది నులక మంచం

రాఘవేందర్‌కు ఆ రోజు ఒకటే భయం. పిల్ల నచ్చుతుందో లేదోనని కాదు, పిల్ల ఎదుటే నిద్రపోతానేమోనని.

మోండా మార్కెట్‌లో వాళ్ళది కూరగాయల దుకాణం. తెల్లవారకముందే సరుకు దించుకోవాలి. పొద్దెక్కేసరికి కళ్ళలో ఇసుక పోసినట్టుంటుంది. బోయిగూడ సంబంధం అట్లాగే చెడింది. పిల్ల చాయ్ తెచ్చేలోపు చేతిలో బిస్కెట్టుతోనే కునికాడు. "పిలగానికి ఏమన్న రోగమా?" అని కబురొచ్చింది.

ఇప్పుడు చూడబోయే కల్పలత మాత్రం ఫోనులో వేరే రకంగా మాట్లాడింది. "నన్ను కుర్చీల కూసోబెట్టి చూస్తే ఏం తెలుస్తదండి? సైనిక్‌పురి అవతల రాళ్ళగుట్ట మీద మా ఆర్ట్ ఎగ్జిబిషన్ నడుస్తున్నది. నేను కదిలేటట్టు లేదు, మీరే రాండ్రి."

ఆ గొంతు చెవిలో ఉండిపోయింది. ఈ సంబంధం పోగొట్టుకోకూడదనుకున్నాడు. అలా అనుకోవడం అతనికి అదే మొదటిసారి.

"ఈసారన్న కండ్లు తెర్సుకొని కూసో కొడుకా," అని తల్లి గుమ్మంలో నిలబడి మరీ చెప్పి పంపింది.

గుట్ట కింద పసుపు పూసిన పోచమ్మ రాయి ఉంది. చెప్పులు విడిచి మొక్కాడు. "తల్లీ, ఈ ఒక్క పూట నిద్ర రానీయకు."

పైకెక్కితే, చిన్నప్పుడు చూసిన గుట్టేనా ఇది అనిపించింది. బండల నడుమ పొడవాటి నీలం బట్ట వాగులా జారుతోంది. చెట్టు నిండా అద్దం ముక్కలు, వాటిలో కదిలే మబ్బులు. ఒక గుండురాయి మీద పాత బస్సు తలుపు, ఎటూ పోకుండా. దేవుడు పేర్చిన బండలు చాలవా, మళ్ళీ ఇవన్నీ ఎందుకు? అనుకుంటూనే నోరు తెరుచుకుని చూశాడు.

ఇంకా టైముంది. రెండు గుండ్ల నీడలో నులక మంచం కనబడింది. వాచ్‌మన్‌దేమో. పక్కనున్న కొయ్యకు సంచీ తగిలించాడు. ఒక్క నిమిషం నడుం వాలిస్తే ఏం పోతుంది?

కళ్ళు తెరిచేసరికి ఛాతీ మీద బంతిపూలున్నాయి. చుట్టూ జనం, చేతుల్లో ఫోన్లు.

"మమ్మీ, బొమ్మ లేచింది!" అని ఒక పాప అరిచింది.

"ఏం కాన్సెప్ట్ భయ్!" అన్నాడు ఎవరో కుర్రాడు.

"అందరు జెర జరుగుండ్రి. అయిపోయింది," అని తల దగ్గర ఒక గొంతు వినిపించింది. ఫోనులో విన్న ఆ గొంతే. చినుకులు పడుతున్నాయి. ఆమె గొడుగు అతని మీద పట్టి నిలబడింది. ఆమె భుజం తడిసిపోయింది.

"కల్పలత గారా?"

"అవును. ఫొటోల మీ కండ్లు తెరిచి ఉండె. అందుకే గుర్తుపట్టుడు లేటయింది."

"ఈ మంచం..."

"ఎగ్జిబిషన్‌ది. నేనే అల్లిన. 'ముట్టరాదు' అని బోర్డు చూడలే?"

కొయ్యకున్న సంచీ తీసి చూస్తే, దాని కింద బోర్డు.

"లేపకపోయిండ్రా?"

"లేపుదామనే వచ్చిన. మస్తు కోపమొచ్చింది." ఆమె పక్కనున్న రాయి మీద కూలబడింది. కళ్ళ కింద ఆమెకూ నలుపే. "పొద్దుగాల నుంచి ముట్టకుండ్రి, ముట్టకుండ్రి అని గొంతు పోయింది. దీని పేరు 'విశ్రాంతి'. కని ఎవ్వరు పడుకోవద్దు! మీ గురక ఇన్నాక నాకే నవ్వొచ్చింది."

"గురక సుత పెట్టిన్నా?"

"ఒక అవ్వ మీరెవరో సాములోరని పూలు పెట్టి పోయింది."

అతను సిగ్గుతో లేచాడు. మంచం నడుమ కుంగిపోయి ఉంది. ఇక అయిపోయిందనుకున్నాడు.

"మీ పని ఖరాబ్ చేసిన. వద్దంటే నేనేం అనుకోను. అంటే... అనుకుంట. మీ గొంతు ఇన్నప్పటి సంది మీరే కావాలనిపించింది. కని నా బతుకు గిట్లనే ఉంటది. సినిమాకు తోల్కపోయినా నిద్రపోత."

ఆమె గొడుగు పక్కన పెట్టి లేచింది.

"నన్ను చూడొచ్చినోళ్ళందరు మంచిగ మేలుకొనే చూసిండ్రు. బొమ్మలు చేసుకుంట కూసుంటే వంట ఎవరు చేస్తరని అడిగిండ్రు. జవాబులు చెప్పి చెప్పి అలసిపోయిన. మీరేం అడగకుండనే, నేను అల్లిన దాని మీద పసిపిల్లగాని లెక్క పడుకున్నరు."

"అంటే?"

"అంటే, ముందు ఈ తాడు బిగించాలె. ఒక్కరితోని అయ్యేది కాదు. అటు పట్టుకుండ్రి."

అతను మంచం కోడుకు కాలు తన్నిపెట్టి లాగాడు. ఆమె వదులు పోకుండా పట్టి ముడి వేసింది. వాన పెద్దదైంది. గొడుగు పక్కన వెల్లకిలా పడి నీళ్ళు నింపుకుంటోంది. ఇద్దరిలో ఎవరూ దాన్ని తీయలేదు. మంచం మళ్ళీ బిగుతుగా నిలిచాక, కల్పలత బోర్డు పీకి మంచం కిందికి తోసేసింది.

సాయంత్రం ఇద్దరూ కలిసే దిగారు. పోచమ్మ దగ్గర అతను చెప్పులు విడిచాడు. ఫిర్యాదు చేయాలో దండం పెట్టాలో తెలియక ఊరికే నిలబడ్డాడు.

"వచ్చేటప్పుడు ఏం మొక్కిండ్రు?" అని ఆమె అడిగింది.

"నిద్ర రావొద్దని."

"మరి?"

"తల్లి ఇనలే."

కల్పలత గుప్పిట విప్పింది. అందులో నలిగిన బంతిపూలు. ఒకటి తీసి తడి జడలో తురుముకుంది. తర్వాత అతని పక్కనే చేతులు జోడించింది.

"ఇన్నది," అంది.