చాయ్‌కి ఇరవై లీటర్లు

“కమిటీ సభ్యులా? చాయ్ అటు. రోగులు ఇటు,” అంది నర్సు కలుంద, తలెత్తకుండా.

యువజన ప్రతినిధిగా ఎన్నికై, ఆరోగ్య కేంద్రంలో మొదటి సమావేశానికి వచ్చిన కిమాంజికి ఆ స్వాగతం గుచ్చుకుంది. అతనిది కిరాయి మోటార్ సైకిల్. నొప్పులొచ్చిన ఆడవాళ్లను ఇక్కడికి చేర్చేది అతనే, ఇరవై లీటర్ల నీళ్ల డబ్బాతో సహా. వాననీళ్ల ట్యాంకు పగిలి ఏడాదైంది. కాన్పుకు ఎవరి నీళ్లు వాళ్లే తెచ్చుకోవాలి. నిరుడు అతని అక్క కూడా డబ్బాతోనే వచ్చింది. తిరిగి వెళ్లలేదు. ఆ మాట అతను ఎక్కడా ఎత్తడు.

సమావేశం ప్రార్థనతో మొదలైంది. అది సాగిన తీరు చూస్తే దేవుడికి కూడా ఒక కప్పు పోయాలనిపించింది. తర్వాత చర్చ: ట్యాంకు బాగుచేసే పని ఎవరికి, చైర్మన్ ముసెంబి మేనల్లుడికా, కోశాధికారి అల్లుడికా? వచ్చే సమావేశంలో చూద్దామని ఐదోసారి ఏకగ్రీవంగా తీర్మానించారు. కలుంద పుస్తకంలో రాసుకుంది.

“అదే వాక్యం రాసి రాసి చేయి నొప్పి పుట్టదా సిస్టర్?” అడిగాడు కిమాంజి.

“పుట్టింది. అందుకే బదిలీకి అర్జీ రాసి పెట్టుకున్నాను. వానల్లోపు ట్యాంకు బాగుపడకపోతే పంపేస్తాను. మీరు ఆ మాండాజీ బూరెలు తినండి, చల్లారితే గట్టిపడతాయి.”

చెబుతూ నవ్వింది. ఆ నవ్వు వెళ్లిపోతుందంటే కిమాంజికి మింగుడు పడలేదు. లేచి నిలబడ్డాడు.

“సభ్యుల చాయ్‌కి సభ్యులే వాగు నుంచి తలా ఒక డబ్బా నీళ్లు మోసుకురావాలని ప్రతిపాదిస్తున్నాను.”

ఏం ప్రతిపాదించినా వినకుండా చేతులెత్తడం కమిటీ అలవాటు. మాండాజీ లేని చేతులన్నీ లేచాయి.

మూడు నెలల తర్వాత మళ్లీ సమావేశం. చైర్మన్ కప్పు చాపితే కలుంద నీళ్ల తీర్మానం రాసిన పుస్తకం చాపింది.

“మీ సంతకమే కదా పెద్దాయనా.”

వాగు నుంచి సగం దారిలోనే డబ్బా దించేసి వచ్చి, కేంద్రం మెట్టు మీద కూలబడి ముసెంబి రొప్పాడు. “ఆడవాళ్లు రోజూ ఇదే మోస్తున్నారా?”

“నిండు నెలలతో,” అంది కలుంద.

ఆ రోజు ప్రార్థన రెండు ముక్కల్లో ముగిసింది. మేనల్లుడూ అల్లుడూ కలిసి పనిచేయాలని తీర్మానించారు. ఎనిమిదో రోజుకు ట్యాంకు సిద్ధమైంది. తొమ్మిదో రోజు వాన పడింది.

వసారాలో నిలబడి ట్యాంకు నిండే చప్పుడు వింటూ కిమాంజి అన్నాడు:

“ఒక తీర్మానం రాయండి సిస్టర్. కలుంద ఈ ఊళ్లోనే, నాతోనే ఉండాలి. ప్రతిపాదించినది కిమాంజి.”

ఆమె పుస్తకం అందుకుంది. “బలపరిచేవాళ్లు ఉండాలి కదా.”

“కమిటీని పిలవనా?”

“వద్దు. వచ్చే సమావేశంలో చూద్దామంటారు.”

పుస్తకం మోకాలి మీద పెట్టుకుని, తీర్మానం ఎక్కించి, అతని పేరు కింద తన పేరు రాసింది.