జలపాతం పక్కన విన్న మాట

తలుపు తట్టింది భర్త. లోపలికి ముందుగా అడుగుపెట్టింది భార్య. ఆయన గడప అవతలే ఆగి, చేతిలోని గొడుగును ఎవరో లాక్కుంటారన్నట్టు గుండెలకు అదుముకుని నిలబడ్డాడు.

"ఈయన్ని రేపు పొద్దున్నే అరెస్టు చేస్తారటండీ," అందామె, కుర్చీ చూపించకముందే కూర్చుంటూ. "హత్య చేశారట. ఈయన! బొద్దింక కనబడితే నన్ను కేకేసే మనిషి!"

గదిలో ఉన్నవారు ఇద్దరు. ఒకరు జీవితమంతా కళాశాలలో తర్కశాస్త్రం బోధించి, పదవీ విరమణ తరువాత ప్రైవేటు డిటెక్టివ్‌గా మారిన పెద్దమనిషి. ఊరు ఊరంతా ఆయన్ను మాస్టారనే పిలిచేది. రెండోవాడు ఆయన సహాయకుడు. అచ్చాఫీసులో తప్పులు దిద్దీ దిద్దీ నడివయసుకు చేరుకున్నవాడు కనుక అతనికి 'ప్రూఫు' అన్న పేరు స్థిరపడిపోయింది. ప్రూఫుకు దేవుడి మీద ఎంత నమ్మకమో తెలియదుగాని, మాస్టారి మీద మాత్రం అపారమైన నమ్మకం. దాన్ని నమ్మకం అనడాన్ని మాస్టారు ఒప్పుకునేవారు కారు. "నమ్మకం కాదయ్యా, గత అనుభవం ఆధారంగా చేసిన అంచనా," అనేవారు.

గొడుగు మనిషి వయొలిన్లు తయారుచేసే మేస్త్రి. చచ్చిపోయినది ఆయన పక్కింటి మేడలో ఉండే విధవావిడ. ఇద్దరికీ గొడవ మొదలైంది ఆవిడ కుక్కతో.

"అస్తమానం మొరిగేదండీ," అన్నాడు మేస్త్రి. "నాది చెవితో చేసే పని. ఫిర్యాదు చేశాను. మునిసిపాలిటీ మనుషులొచ్చి తీసుకుపోయారు. ఆవిడ గారు గోడ దగ్గరికొచ్చి, 'కుక్కనైతే తీసుకుపోయారు, ఇప్పుడు పెట్టబోయేదాన్ని ఎవరు మోసుకుపోతారో చూస్తా' అన్నారు. అన్నట్టే పెట్టారు."

పెట్టినది ఒక జలపాతం. పెరట్లో సరిహద్దు గోడకు ఆనించి రాతిగుట్ట పేర్పించి, పైన ఇత్తడి సింహం తల బిగించి, దాని నోట్లోంచి నీళ్ళు దబదబా కొలనులో పడే ఏర్పాటు చేయించింది. పడిన నీటిని మోటారు మళ్ళీ పైకి తోడుతుంది. తెల్లవారింది మొదలు పడుకునే వేళ దాకా అదే మోత. మేస్త్రి మళ్ళీ ఫిర్యాదు చేశాడు. కుక్కలకు నిబంధనలున్నాయిగాని జలపాతాలకు లేవన్నారు.

"అందరికీ చల్లటి సంగీతం, ఈయనకి మాత్రం శూలం," అంది భార్య. "ఆవిడకి కావలసిందీ అదే. కుక్క పోయిన కసి తీర్చుకుంది."

మొన్న సాయంత్రం చీకటి పడబోతుండగా ఆవిడ కొలనులో బోర్లా పడి కనిపించింది. తల వెనక దెబ్బ. కొలను నీళ్ళలో తేలుతూ మేస్త్రి కొయ్యసుత్తి. పిడి మీద చెక్కిన ఆయన గుర్తు. ఇది చాలదన్నట్టు ఆవిడ ఇంట్లోనే ఉంటున్న మరిది సాక్ష్యం చెప్పాడు. తాను వెనక వరండాలో కూర్చుని ఉండగా మేస్త్రి గోడ అవతల నిలబడి, "ఇవాళ ఆవిడ నోరు శాశ్వతంగా మూయించేస్తా" అన్నాడట.

"నేనా సాయంత్రం గోడ దగ్గరికే పోలేదండీ. ఆవిడ గారి గురించి అలాంటి మాట అననూ లేదు," అన్నాడు మేస్త్రి.

భార్య గొంతు సవరించుకుంది. "అబద్ధం చెప్పకండి. అన్నారుగా."

"అది జలపాతం గురించి!"

"అదేలెండి. 'దాని నోరు' అన్నారు. కానీ అన్నారుగా!"

మాస్టారు అప్పటిదాకా కళ్ళజోడు తుడుచుకుంటున్నారు. తుడవడం ఆపారు. "ఎక్కడ అన్నారమ్మా?"

"వర్క్‌షాపులో, నాతో."

"ఒక్కసారేనా?"

"ఒక్కసారే. ఈయనకి కోపం రావడమే అపురూపం, అందుకే గుర్తుంది."

మాస్టారు కళ్ళజోడు పెట్టుకున్నారు. "పద ప్రూఫూ. ముందు ఈయన వర్క్‌షాపు చూద్దాం."

వర్క్‌షాపు ఇంటికి ఒక పక్కన పొడవాటి గది. జలపాతం వైపున్న కిటికీలకు దుప్పట్లు నింపి చెక్కలు కొట్టేశారు. వెనక వైపు, మేడ పెరటి గేటు కూడా తెరుచుకునే సందులోకి మాత్రం ఒక కిటికీ బార్లా తీసి ఉంది. దాని చట్రంలో తీగలు లేని వయొలిన్ ఒకటి వేలాడుతోంది. కిటికీ అరుగు నిండా తేనెరంగు చారలు.

"వార్నిష్," అన్నాడు మేస్త్రి. "ఆ వాసనకే ఈ కిటికీ తీసిపెడతాను, ఇటు మోత అంతగా రాదు. నా చేతివార్నిష్ ఆరడానికి రోజులు పడుతుంది. బట్టకి అంటితే మాత్రం ఇక పోదు."

"సుత్తి ఎక్కడుండేది?"

"ఈ అరుగు మీదే. ఆ రోజూ ఇక్కడే ఉంది. తీరా కావలసినప్పుడు కనిపించలేదు."

"దేనికి కావలసొచ్చింది?"

మేస్త్రి మెడ దాకా ఎర్రబడ్డాడు. బల్ల కింది నుంచి ఒక కొయ్య బిరడా తీశాడు. చిత్రిక పట్టి, నునుపు చేసి, మైనం రాసిన అందమైన పని. పొడుగు ఎక్కువ, ఒక చివర సన్నం.

"సింహం నోటికి సరిపోయేలా చేశానండీ," అన్నాడు నెమ్మదిగా. "ఆవిడ గారు గుడికో గోపురానికో వెళ్ళినప్పుడు గోడెక్కి దిగ్గొడదామని. నీళ్ళు ఎదురు తన్ని మోటారు కాలిపోవాలి. చెక్కుతున్నంతసేపూ నాకెంత హాయిగా ఉందో చెప్పలేను. మొన్న చెక్కడం పూర్తయ్యాకే అన్నాను ఆ మాట. సుత్తి కోసం చూస్తే లేదు."

"లేకపోవడం మీ అదృష్టమో దురదృష్టమో ఇంకా తేలలేదు," అన్నారు మాస్టారు.

మేడలో వంటావిడ వాళ్ళను వంటింట్లోనే కూర్చోబెట్టి జవాబులు చెప్పింది. ముఖంలో ఏ భావమూ లేదు, చేతులు మాత్రం ఒకే గిన్నెను మళ్ళీ మళ్ళీ తోముతున్నాయి.

"ఆ సాయంత్రం జలపాతం ఎప్పుడైనా ఆగిందా?"

"లేదు బాబూ. పోలీసులొచ్చి కట్టేసేదాకా ఆడుతూనే ఉంది."

"అమ్మగారి కేక వినలేదా?"

"వినబడితేగా! ఆవిడ వరండాలోంచి పిలిచినా నాకు వినబడేది కాదు. ఏం కావాలన్నా వచ్చి భుజం తట్టాల్సిందే."

మరిది ముందుగదిలో ఉన్నాడు. మెత్తని మాట, మందపాటి కళ్ళద్దాలు, పాతదైనా మర్యాదగా ఉన్న గోధుమరంగు కోటు. పోయిన ఏడాది కళ్ళకు ఆపరేషన్ అయినా చూపు ఇంకా పూర్తిగా కుదుటపడలేదట. కోటు మోచేతి దగ్గర ఒక మరక మెరుస్తుంటే, పాపం దగ్గు మందు ఒలకబోసుకున్నాడు కాబోలు, ఈయనకు కనిపించలేదు అనుకున్నాడు ప్రూఫు.

"మీ వదినగారి జలపాతం మీకు ఇబ్బందిగా ఉండేది కాదా?" అడిగారు మాస్టారు.

"అలవాటైపోయిందండీ."

"అది కట్టకముందు ఆ చోట ఏముండేది?"

ఆ ముఖంలో ఏదో ఒక కండరం కదిలి ఆగింది. "గులాబీలు."

"ఎవరు పెంచేవారు?"

"నేనే. అంట్లు కట్టి పెంచాను. కొన్ని రంగులు మరెక్కడా ఉండేవి కావు." కళ్ళద్దాలు సర్దుకున్నాడు. "నేను ఆసుపత్రిలో ఉన్నప్పుడు తవ్వించేశారు. కట్లు విప్పాక ఇంటికొచ్చి మొట్టమొదట చూసింది ఆ సింహాన్నే."

"మీరేమన్నారు?"

"ఏమంటాను? బాగుంది వదినా అన్నాను."

బయటికొచ్చాక ప్రూఫు నిట్టూర్చాడు. "మంచివాడండీ, పాపం."

"మంచివాడు, పాపం. ఈ రెండూ అభిప్రాయాలు," అన్నారు మాస్టారు. "ఇన్‌స్పెక్టరుకు కబురు పెట్టు. అందరూ మేడ వెనక వరండాలో కలుసుకోవాలి. జలపాతం మళ్ళీ ఆడాలి."

మర్నాడు పొద్దున అరెస్టు వారంటు జేబులో పెట్టుకునే వచ్చాడు ఇన్‌స్పెక్టరు. మేస్త్రి దంపతులు ఒక మూల, మరిది తన మామూలు కుర్చీలో, వంటావిడ తలుపు దగ్గర. మోటారు వేయగానే ఎదుటివాళ్ళు మాట్లాడుతున్నారో ఆవలిస్తున్నారో తెలియని పరిస్థితి ఏర్పడింది.

మాస్టారు ముందే చెప్పినట్టు ప్రూఫు మేస్త్రి పెరట్లోకి వెళ్ళి, గోడ మీదుగా తల పెట్టి, ఉన్న బలమంతా ఉపయోగించి అరిచాడు. వరండాలోని వాళ్ళకు అతని నోరు తెరుచుకోవడం, మెడనరాలు ఉబ్బడం కనిపించాయి. అంతే. మళ్ళీ అరిచాడు. ఈసారి చేతులు కూడా ఊపాడు. ఇన్‌స్పెక్టరు చెవి దగ్గర దోసిలి పట్టాడు. ఏమీ లేదు.

అందరూ లోపలి గదిలోకి వచ్చి తలుపులు వేసుకున్నాక గాని మనుషుల మాట మనుషులకు వినపడలేదు.

"ఏమరిచావయ్యా?" అడిగాడు ఇన్‌స్పెక్టరు.

"నమస్కారం అన్నానండీ," అన్నాడు ప్రూఫు. నిజానికి అతను ఇన్‌స్పెక్టరు మీసాల గురించి కొన్ని విశేషణాలు వాడాడు. సత్యం కోసం చేసే ప్రయోగంలో ఆ మాత్రం స్వేచ్ఛ ఉంటుందని అతని ఉద్దేశం.

మాస్టారు మరిది వైపు తిరిగారు. "మేస్త్రి అన్న మాట మీ మాటల్లో కాకుండా, ఆయన అన్నది అన్నట్టు చెప్పగలరా? నోటి మాట మీద మనిషి ప్రాణం ఆధారపడి ఉంది. ఒక్క అక్షరం మారకూడదు."

ఆయన కొంచెం తడబడ్డాడు. "అన్నట్టే అంటే... కొంచెం అమర్యాదగా అన్నాడండీ. అందుకే మార్చి చెప్పాను. 'ఇవాళ దాని నోరు శాశ్వతంగా మూయించేస్తా' అన్నాడు."

మేస్త్రి భార్య లేచి నిలబడింది. "అదే! అచ్చంగా అదే!"

"కూర్చోండమ్మా," అన్నారు మాస్టారు. "ఇన్‌స్పెక్టరు గారూ, ఇది ఇప్పుడు చాలా చిన్న లెక్క. జలపాతం ఆడుతుంటే గోడ దగ్గరి మాట వరండాలోకి రాదు, చూశారు. ఆ సాయంత్రం అది ఆగలేదని వంటావిడ చెప్పింది. పోనీ ఆగిందనుకుందాం. ఆగిపోయిన జలపాతం మీద ఈయన కోపంతో అరవాల్సిన పనేముంది? కనుక ఆ మాట గోడ దగ్గర పుట్టలేదు. వర్క్‌షాపులో, భార్య ఎదుట, ఒక్కసారి పుట్టింది. ఆ మాటలు ఇంత కచ్చితంగా మీకు తెలిశాయంటే, మీరు సందులో, తెరిచిన కిటికీ కింద ఉన్నారన్న మాట. సుత్తి ఉన్నదీ ఆ కిటికీ అరుగు మీదే."

మరిది నవ్వడానికి ప్రయత్నించాడు. "దారిన పోతూ విని ఉంటాను. వరండా అని పొరబాటున..."

"అరుగు మీద ఆ రోజు పచ్చి వార్నిష్ ఉంది. మీ కుడి మోచేయి చూసుకోండి. మీ చూపుకు ఆనలేదు."

ఇన్‌స్పెక్టరు ఆ కోటు చేతిని వెలుతురులోకి తిప్పాడు. మేస్త్రి దగ్గరికొచ్చి, వంగి, వాసన చూశాడు. "నాదే," అన్నాడు. ఆ గొంతులో కోపంకన్నా ఆశ్చర్యమే ఎక్కువ వినిపించింది.

"ఇక ఒక తప్పు మిగిలింది," అన్నారు మాస్టారు. "అది వ్యాకరణం తప్పు. మన భాషలో వస్తువునూ 'అది' అంటాం, గిట్టని ఆడదాన్నీ 'అది' అంటాం. ఈయన సింహం గురించి 'దాని నోరు' అన్నారు. దాన్ని మూసే బిరడా కూడా సిద్ధంగా ఉంది. మీరు మీ వదినగారి గురించి అనుకున్నారు. తన నోటితోనే చంపుతానన్నవాడు దొరికాడు, వాడి సుత్తి చేతికందేంత దూరంలో ఉంది. ఇంకేం కావాలి? కానీ ఈయన చచ్చేంత విసిగినా ఆవిడను 'ఆవిడ గారు' అనే పిలిచారు. ఏకవచనం ఈయన నోట రాదు."

"నన్ను తిట్టినా 'మీరు' అనే తిడతారు," అంది భార్య.

మరిది కళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. కాసేపటికి అతని భుజాలు నెమ్మదిగా దిగాయి, ఎన్నాళ్ళుగానో మోస్తున్నదేదో కింద పెట్టినట్టు.

"కిటికీ పక్కన నిలబడి ఆ మాట వింటుంటే నాకు నవ్వొచ్చింది," అన్నాడు. "ఇన్నాళ్ళకి దారి దొరికిందని. వెనకాల నుంచి వెళ్ళాను. ఆవిడ కొలను అంచున కూర్చుని ఈయన కిటికీల వైపు చూసి మురిసిపోతోంది. నా అడుగుల చప్పుడు వినబడలేదు. తన జలపాతమే వినబడనివ్వలేదు."

మేస్త్రి ఉండబట్టలేక అడిగాడు. "నేనేం చేశానండీ మీకు? నా సుత్తితో, నా నెత్తిన..."

"మీకు ఆవిడ మీద కోపం. ఆవిడకి మీ మీద కోపం. మీరు ఫిర్యాదు చేశారు, ఆవిడ తవ్వించింది. నా మీద మీ ఇద్దరికీ ఏ కోపమూ లేదు." ఆయన గొంతు మొదటిసారి పైకి లేచింది. "అదే నేను క్షమించలేకపోయాను. మీ పంతానికి నా తోట అడ్డొచ్చింది, అంతే. అక్కడ ఏముందో కూడా మీరెప్పుడూ అడగలేదు. ఒకరు కొలనులో, ఒకరు ఉరికంబం మీద. లెక్క సరిపోయేది."

తలుపు దగ్గరి వంటావిడ ఎప్పుడు వెళ్ళిపోయిందో ఎవరూ గమనించలేదు. ఇన్‌స్పెక్టరు వారంటు తీసి, పేరు కొట్టేసి, మళ్ళీ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఒక్కటి చేయనిస్తారా?" అడిగాడు మరిది. "దాన్ని నా చేత్తో ఆపాలని ఉంది."

ఇన్‌స్పెక్టరు మాస్టారి వైపు చూశాడు. ఆయన తల ఊపారు. అందరూ మళ్ళీ పెరట్లోకి, ఆ మోతలోకి నడిచారు. మరిది గోడ మీద తడుముకుని మీట నొక్కాడు. సింహం నోటి ధార సన్నబడి, తెగి, చివరి చుక్కలు రాలి ఆగిపోయింది.

ఆ నిశ్శబ్దం కోసం ఏడాదిపాటు పళ్ళు నూరిన మేస్త్రి కళ్ళు మూసుకున్నాడు. పగ తీరినవాడి ముఖంలో ఉండాల్సిన వెలుగు ఆయన ముఖంలోకి రాబోయింది.

అప్పుడు వంటింట్లోంచి ఏడుపు వినిపించింది. ఇప్పుడే మొదలైన ఏడుపు కాదది. వెక్కిళ్ళు పడి, బొంగురుపోయి, మధ్యమధ్య 'అమ్మగారూ' అంటూ, ఎవరికీ వినబడదన్న ధైర్యంతో చాలాసేపటి నుంచి సాగుతున్న ఏడుపు. మోత ఆగిందని గ్రహించగానే అది కూడా చటుక్కున ఆగిపోయింది.

మరిది చేయి ఇంకా మీట మీదే ఉంది.