నీత రాసిన క్లూలు

"కోస్తే కన్నీళ్లు తెప్పించేది, నాలుగక్షరాలు." నీత తన మొదటి క్లూ చదివింది.

"ఉల్లిగడ్డనా, ఉల్లిపాయనా?" అన్నాడు శివ. "రెండూ నాలుగక్షరాలే. పాలమూరోళ్లు ఒకటంటరు, గుంటూరోళ్లు ఇంకోటంటరు. కొట్టేయ్."

"మా ఇంట్ల కాందా అంటం."

"అది రెండక్షరాలే. అయినా పేర్లు మూడైనయ్."

ముంబైలో తీస్తున్న ఒక తెలుగు టీవీ పదాల ఆటకు నీత ట్రయల్ మీద క్లూలు రాస్తోంది. ప్రతి క్లూకీ ఒక్క జవాబే ఉండాలి. రెండోది వెతికి పట్టుకోవడం శివ ఉద్యోగం. మహబూబ్‌నగర్ నుంచి వచ్చి నాగ్‌పాడాలో గది తీసుకున్న అతను ఆ పని నవ్వుతూ చేసేవాడు. నీతకు మండేది అదే.

ముంబైలో తెలుగువాళ్ల పాత పేట కామాఠిపురలో పుట్టి మరాఠీ బడిలో చదివిన నీత తెలుగు అక్షరాలు సొంతంగా నేర్చుకుంది. ఈ వారం ఆమె క్లూల్లో ఒక్క రౌండైనా శివ ఒప్పుకోకపోతే పని వేరేవాళ్లకు పోతుంది.

"బ్యాంకుల నౌకరి చూస్కో పోరీ," అంది నాయనమ్మ రత్నాబాయి.

నీత వినలేదు. రోజూ సాయంత్రం తాముండే గదుల చాల్ వరండాలో కూర్చుని క్లూలు పైకి చదివేది. పాలమూరు నుంచి కూలికొచ్చిన అంజమ్మ ఒక మాట చెప్పేది, రత్నాబాయి ఇంకోటి, పక్కింటి కోమల్ మరాఠీలో మరోటి. జవాబు చీలిన ప్రతి క్లూనూ చించేసి మళ్లీ రాసింది.

శుక్రవారం శివ రౌండంతా చదివాడు. మళ్లీ చదివాడు. "పాస్," అన్నాడు, ఈసారి నవ్వకుండా.

సోమవారం ఆఫీసులో ఇంకో మాట తెలిసింది. ఇకపై నీత క్లూలు శివ చూడడట. తనే అడిగి మార్పించుకున్నాడట.

గ్రాంట్ రోడ్ స్టేషన్ దగ్గర, వానలో, అతన్ని పట్టుకుంది.

"నేను గెలిస్తే ఓర్వలేవా?"

"అది కాదు నీతా. నువ్వు రాసింది చూస్తుంటే తప్పు కనబడ్తలేదు. నువ్వే కనబడ్తున్నవ్. గట్లయితే నా పనికి మోసం, బేమానీ గద."

అతని కళ్లజోడు మీంచి చినుకులు జారుతున్నాయి.

"నేను మంచిగ రాయాల్నంటే నువ్వే చూడాలె," అంది నీత. "తప్పుంటే మొహం మీద చెప్పు. మనసుల ఉన్నది గూడ గట్లనే చెప్పు."

"నువ్వంటే నాకిష్టం."

రైలు చప్పుడులో వినబడనట్టు చూసింది. శివ మళ్లీ చెప్పాడు, బిగ్గరగా. పక్కన గొడుగులమ్మే ముసలాయన తలెత్తి చూశాడు.

"నాకు గూడ," అంది నీత. "నడువ్, మా ఇంటికి పోదాం."

గుమ్మంలో నిలబడ్డ ఇద్దరినీ రత్నాబాయి ఎగాదిగా చూసింది.

"మా పోరి రాసిందంత కొట్టేసింది నువ్వేనా?"

"అవునవ్వా."

"ఇంక ముంగట గూడ కొట్టేస్తవా?"

శివ నీత వైపు చూశాడు. "తప్పుంటే కొట్టేస్తనవ్వా."

"మంచిది." రత్నాబాయి తువ్వాలు అందించింది. "తల తుడుసుకో. ఇద్దరికీ అన్నం పెడ్త."