వెనక సీటు ఎవరికి?

"ఈ సైకిలుకి ఏమన్నా రోగముంటే ముందే చెప్పేయండి. నేను చూసి కనిపెట్టినానంటే మీకే సిగ్గు."

గడపలో అడుగు పెట్టకముందే ఇంత మాటన్న అమ్మాయిని చూసి, హెబ్రోను నోట్లో ఇడ్లీ ముక్క నోట్లోనే ఉండిపోయింది.

అది అరవై రెండో సంవత్సరం, జూలై నెలలో ఒక శనివారం. హెబ్రోను ముత్తుకూరులో ఒక డాక్టరుగారి దగ్గర కాంపౌండరు. రెండు సీట్ల సైకిలు అమ్మకానికి ఉందని చుట్టుపక్కల ఊళ్ళలో చెప్పించిన మాట నిజమే. కొనడానికి ఏ మీసాల పెద్దమనిషో వస్తాడనుకున్నాడు గాని, ఒక చేత్తో స్పానరూ దారపుండా, ఇంకో చేత్తో ఇత్తడి గరిటె పట్టుకుని ఇలాంటి మనిషి వస్తుందని కలలో కూడా అనుకోలేదు.

ఆ సైకిలు మిషను బంగళా దొరగారిది. యుద్ధానికి ముందు ఓడలో తెప్పించుకున్నారు. సాయంత్రం పూట దొర ముందూ దొరసాని వెనకా కూర్చుని సముద్రం దాకా తొక్కుకుంటూ పోయేవాళ్ళు. సీమకు వెళ్ళిపోతూ దాన్ని తమ వంటమనిషి ఎలిశబెతమ్మకు ఇచ్చిపోయారు. ఆవిడకు తొక్కడం రాదు. ఆవిడ కొడుకు హెబ్రోనుకు వస్తుంది గాని తోడు లేదు. దాంతో ఆ పొడుగాటి బండి వరండా అంతా ఆక్రమించుకుని, వచ్చేపోయేవాళ్ళ మోకాళ్ళు పగలగొడుతోంది.

"మీ పేరు?" అన్నాడు హెబ్రోను, ఇడ్లీ మింగి.

"సైకిలు చూడటానికి పేరెందుకండీ?"

"రశీదు రాయాలంటే కావాల గదా."

"జయశీల. తోటపల్లి గూడూరు బళ్ళో టీచర్ని. మా మేనమామ క్రీస్తుదాసుకి సైకిలు షాపుండాది, చిన్నప్పటి నుంచి ఆడనే పెరిగినా. ఇంక పక్కకి జరుగుతారా?"

హెబ్రోను జరిగాడు. ఆమె దారాన్ని హాండిల్ కింది గొట్టానికి చుట్టి, రెండు కొసలనూ సైకిలుకి చెరో పక్క నుంచి వెనక చక్రం దాకా బిగించి కట్టింది. మధ్య గొట్టానికీ దారానికీ ఉన్న సందులో అగ్గిపుల్లలు పేర్చి చూసింది. ఎడమవైపు ఎన్ని పట్టాయో కుడివైపూ అన్నే పట్టాయి.

"ఫ్రేము వంకర పోలేదు," అంది కొంచెం నిరాశగా. తరువాత గరిటె తీసుకుని, గొట్టాలు అతికిన ప్రతి చోటా కొట్టి, చెవి ఆనించి వినసాగింది.

"ఏం వింటా ఉండారు?"

"లోపల పగులుంటే బొంగురుగా పలకతాది. పైన ఎంత పెయింటేసి దాచినా గొంతు దాగదు."

"ఈ గరిటె మనుషులకి కూడా పనిచేస్తాదా?"

"నెత్తిన కొడితే పనిచేస్తాది. చూపించమంటారా?"

లోపలి నుంచి ఎలిశబెతమ్మ నవ్వు వినిపించింది. హెబ్రోను చెవులు ఎర్రబడ్డాయి. నిజం చెప్పాలంటే అతనికి అది బాగానే ఉంది. ఇరవై ఆరేళ్ళలో తనతో ఇంత నిర్లక్ష్యంగా మాట్లాడిన అమ్మాయి ఇంకొకతె లేదు.

జయశీల చెయిన్లు లాగి చూసింది, పెడళ్ళు ఊపి చూసింది, చక్రాలు తిప్పి చూసింది. చివరికి చీర కొంగుతో నుదురు తుడుచుకుని, "బాగుండాది. వచ్చే శనివారం డబ్బు తెచ్చి, బస్సు మీద వేసుకుని పోతా," అంది.

ఆ మాటతో హెబ్రోను ప్రాణం ఉసూరుమంది. వచ్చే శనివారంతో సైకిలూ పోతుంది, మనిషీ పోతుంది.

"ఇంతకీ... ముందు సీటు మీకు. వెనక సీటు ఎవరికి?"

జయశీల పెదవి బిగించి నవ్వు ఆపుకుంది. "మా ఇంట్లో ఒకాయన ఉండాడులెండి. ఆరడుగుల అందగాడు. నేను చెయ్యి పట్టుకోకుంటే గడప దాటడు."

ఆ ఆరడుగుల అందగాడి మీద హెబ్రోనుకు ఆ క్షణంలోనే చెప్పలేనంత అసూయ పుట్టింది. చెయ్యి పట్టుకోకుంటే గడప దాటడట! వాడికేం రోగం?

వారమంతా ఆలోచించి, శుక్రవారం సాయంత్రం సైకిలు వెనక చక్రం ఊచలు అరడజను వదులు చేశాడు.

మరునాడు జయశీల చక్రం తిప్పితే అది అటూ ఇటూ ఊగింది. "పోయిన వారం బాగుండిందే!"

"పాత బండి గదండీ," అన్నాడు హెబ్రోను జాలిగా.

ఆమె రెండు గంటలసేపు కూర్చుని ఒక్కో ఊచా బిగించింది. బయట ఉన్నట్టుండి వాన అందుకుంది. జల్లు వరండాలోకి కొడుతుంటే హెబ్రోను ఆమె మీద గొడుగు పట్టాడు. వాన వెలిసిన పావుగంటకు గాని గొడుగు ముడవాలన్న సంగతి గుర్తురాలేదు. జయశీల ఒకసారి గొడుగు వంకా, ఒకసారి ఎండ వంకా, ఒకసారి అతని వంకా చూసి, తల వంచుకుంది. బుగ్గన సొట్ట పడటం మాత్రం అతను చూశాడు.

"ఒక వారం చూస్తా. ఊచలు నిలబడితేనే తీసుకునేది," అని వెళ్ళిపోయింది.

మూడో శనివారం చక్రం నిక్షేపంగా ఉంది. పెడళ్ళ ఇరుసు మాత్రం కటకటలాడింది. జయశీల దాన్ని విప్పి, గ్రీజులోంచి ఇనుప గుండ్లు ఒక్కొక్కటే తీసి కాగితం మీద పెట్టింది.

"ఈ పక్క పదకొండుండాయి. ఆ పక్క పదే ఉండాయి. ఇంకోటి యాడికి పోయింది?"

"అరిగిపోయిందేమో."

"ఇనుప గుండు అరిగి మాయమైపోతాదా?" ఆమె కణతలు నొక్కుకుంది. "ఎండకి తలనొప్పిగా ఉండాది. కాంపౌండరుగారు గదా, ఒక మాత్రన్నా ఇవ్వండి."

ఆమె ఒక కోరిక కోరినందుకే పొంగిపోయి, హెబ్రోను గబగబా జేబులో చెయ్యి పెట్టి తీసి, అరచెయ్యి చాచాడు.

అరచేతిలో తెల్లటి మాత్రా, పక్కనే నల్లటి ఇనుప గుండూ ఉన్నాయి.

ఇద్దరూ ఆ చేతి వంకే చూశారు. జయశీల నవ్వుతుందనుకున్నాడు హెబ్రోను. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఊచలు కూడా మీరేనా?"

అతను తల ఊపాడు.

"వెనక సీటు మా నాయనకి. చూపు పోయింది. మద్రాసు డాక్టర్లు చేతులెత్తేసినారు. ముప్పై ఏళ్ళుగా ఐదూళ్ళు తిరిగి ప్రార్థనలు జరిపిన ఉపదేశి ఆయన. బడి వదిలినాక నేను ముందు కూర్చుని తిప్పదామనుకున్నా. మంగళవారం చర్చి కమిటీ కూర్చుంటా ఉండాది. తిరగలేని ఉపదేశి ఎందుకని కొత్తాయన్ని పెడతారంట. మీకు ఆటగా ఉండాది, మాకు అది ఆయన ప్రాణం."

గరిటె కూడా మరచిపోయి ఆమె బస్సెక్కేసింది. వరండాలో నిలబడ్డ హెబ్రోనుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

ఆదివారం తెల్లవారేసరికి సైకిలు ముక్కలన్నీ ఎక్కడివక్కడ బిగించి, ఒక్కడే ఎక్కి తోటపల్లి గూడూరు దారి పట్టాడు. దారి పొడుగునా వెక్కిరింపులే. "ఏమబ్బయా, వెనక మనిషి పడిపోయిందే, చూసుకోలా?" అని కల్లు తీసుకుపోతున్న చిన్నపోలయ్య కేకేశాడు. హెబ్రోను చెమటలు కక్కుకుంటూ చేరేసరికి చర్చి వదిలారు. జయశీల ఇల్లు చర్చి పక్కనే. తండ్రి జీవానందంగారు ఆమె భుజం మీద చెయ్యి వేసి వస్తున్నారు. నెరిసిన మీసాలు, నిలువెత్తు మనిషి. ఆమె చెప్పినదాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు.

హెబ్రోను అందరి ముందూ చెప్పేశాడు. "అయ్యా, సైకిలు మొదటి రోజు నుంచి బాగానే ఉండాది. రెండు వారాలు చెడగొట్టింది నేను. క్షమించండి."

"ఎందుకు చెడగొట్టినావు నాయనా?" అన్నారు జీవానందంగారు.

హెబ్రోను తల వంచుకుని, కండువా లేక చొక్కా అంచుతోనే హాండిల్ తుడవసాగాడు. జయశీల మొహం అటు తిప్పుకుంది.

కమిటీకి పెద్ద అయిన పాస్టరు యెహోషువగారు కళ్ళజోడు సవరించుకుని, "ఒకసారి ఎక్కి చూపించండి జీవానందంగారూ. చూద్దాం," అన్నారు.

జయశీల హాండిల్ పట్టుకోబోయింది. తండ్రి వారించారు. "వద్దమ్మా. చెడగొట్టినవాడే ముందు కూర్చోవాల. పడితే నాతోపాటు వాడూ పడతాడు."

బండి కదిలింది. చర్చి చుట్టూ, జయశీల చేతులు కట్టుకుని నిలబడ్డ ఇంటి గుమ్మం ముందు నుంచి, మూడు చుట్లు తిరిగింది. పెద్దాయన మొహం వెలిగిపోయింది. ఎన్ని నెలలకో మళ్ళీ మొహానికి గాలి కొట్టింది. "ఐదూళ్ళు కాదు, పదూళ్ళు పొయ్యొస్తా!" అని అరిచారు. పాస్టరుగారు నవ్వి, "మంగళవారం కొత్త ఉపదేశి మాట ఇంక ఎత్తేది లేదు," అన్నారు. జయశీల కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

బండి ఆగింది. జీవానందంగారు దిగలేదు.

"బండి బాగుండాది. నాకొక అనుమానం. దీనికి రెండు జతల పెడళ్ళూ కలిపే తిరగతాయి గదా, ముందాయన కాలు ఏం చేసినా నా కాలికి తెలిసిపోతా ఉండాది. మూడు చుట్లలోనూ ఒకే చోటికి రాంగానే ఈ అబ్బాయి కాలు ఆగిపోతా ఉండాది. ఆడ గుంటేమన్నా ఉండాదా, లేకుంటే మా అమ్మాయి నిలబడుండాదా?"

చర్చి ముందున్న జనమంతా గొల్లుమన్నారు.

"గుంట లేదండీ," అన్నాడు హెబ్రోను, వినిపించీ వినిపించనట్టు.

"అట్లనా. అయితే రెండు వారాల సంగతి నాకు అర్థమైంది." జీవానందంగారు దిగి, కూతురి వైపు తిరిగారు. "నువ్వేమంటావమ్మా? ఇష్టం లేకుంటే సైకిలు మాత్రం ఉంచుకుని పంపించేద్దాం."

జయశీల నెమ్మదిగా వచ్చింది. హెబ్రోను మొహంలోకి తిన్నగా చూసింది. తరువాత హాండిల్ మీద చెయ్యి వేసి, "మీరు దిగండి. ముందు నేను కూర్చోవాల," అంది.

"యాడికి?"

"ముత్తుకూరుకి. మీ అమ్మగారికి చెప్పొద్దా?"

"అమ్మాయ్, చర్చిలో మూడు ఆదివారాలు పెళ్ళి ప్రకటన చదవనీ ముందు!" అన్నారు పాస్టరుగారు నవ్వుతూ.

"చదవతా ఉండండి పాస్టరుగారూ. ఈలోపల పొయ్యొస్తాం."

హెబ్రోను దిగి వెనక సీటెక్కాడు.