డిక్కీలో ఎలుక

కారు అరుస్తోంది!

హారన్ ఆగడం లేదు. నాలుగు ఇండికేటర్లూ పిచ్చెక్కినట్టు కొట్టుకుంటున్నాయి. అప్పుడే పొద్దు గూకిన గుమ్మఘట్ట రోడ్డు మీద దుమ్ము రేపుకుంటూ వస్తోంది ఆ తెల్ల కారు.

సరిగ్గా ఆంజి షెడ్డు ముందు... కీచుమని ఆగింది!

ఆంజి అప్పటికే షెడ్డుకు తాళం వేసేశాడు. బైక్ మీద ఉన్నాడు.

అన్నను వెతకడానికి పోవాలి.

కార్లోంచి నల్ల చొక్కా మనిషి దిగాడు. ఎప్పుడూ చూడని మొహం.

"ఏమప్పా, కార్లకు కరెంటు పని చేసేది నువ్వేనా?"

"నేనే అన్నా. అర్జెంటుగా పోతాండా. రేపు రా."

ఆ మనిషి చెయ్యి చాచి బైక్ తాళంచెవి లాగేసుకున్నాడు. చొక్కా జేబులో వేసుకున్నాడు.

"ముందు దీని నోరు మూయించు. మళ్ళా యాడికైనా పో."

అప్పుడే ఆంజి ఫోన్ మోగింది. వదిన ఈశ్వరి!

"ఆంజీ... మీ అన్న కనపడినాడా?"

"ఇంగా లేదు వదినా. ఇప్పుడే పోతాండా. నువ్వు ఏడ్వద్దు."

నల్ల చొక్కా కళ్లు చిన్నవయ్యాయి.

"ఎవురి కోసం?"

"మా అన్న, ఈరప్ప. లారీ డ్రైవరు. పగటి నుంచి కనపడల్యా."

క్వారీ ఓనర్ ఒక కూలీని కొట్టి చంపడం ఈరప్ప కళ్లారా చూశాడు. రేపు కోర్టులో సాక్ష్యం చెప్పాలి. ఈ రోజు మనిషే లేడు!

రోజూ ఈ వేళకు అన్న లారీ షెడ్డు ముందు నుంచి పోతుంది. హారన్ కొట్టే పోతాడు. పీం... పీం... పీఁఁఁ! రెండు పొట్టివి, ఒకటి పొడుగు. ఆ రోడ్డులో ఇంకెవరూ అట్లా కొట్టరు. ఆంజి చెవులు దానికోసమే కాచుకుని ఉన్నాయి.

ఈ దరిద్రపు కారు అరుపులో ఏం వినపడుతుంది?

హారన్ ఫ్యూజు పీకేశాడు.

నిశ్శబ్దం.

స్టీరింగ్ కింద స్కానర్ పిన్ను గుచ్చి, ట్యాబ్ చేతిలోకి తీసుకున్నాడు. లైట్లు, తాళాలు, హారన్... అన్నీ బీసీఎం అనే ఆ చిన్న డబ్బా చెప్పుచేతల్లో ఉంటాయి. అది చెడిపోతే బండికి దెయ్యం పట్టినట్టే.

స్క్రీన్ మీద ఒకే లైను.

డిక్కీ: ఓపెన్.

క్లోజ్.

ఓపెన్!

డిక్కీ మూసే ఉంది. కారు కదలడం లేదు. ఎవరో దొంగ డిక్కీ తెరుస్తున్నాడనుకుని బీసీఎం అలారం కొడుతోంది!

"డబ్బా బాగుండాదన్నా. డిక్కీ తాళం కాడ వైర్లు తగులుకుంటాండాయి. డిక్కీ తెరువు."

"తెరిచేది లేదు. సరుకు ఉండాది."

దొంగతనంగా తెచ్చే కర్ణాటక మందు! ఇక్కడ సరుకంటే అదే. మనకెందుకొచ్చిన గొడవ అనుకున్నాడు ఆంజి.

గరగర...

డిక్కీ లోపల ఏదో గీరుతోంది!

"బండి శనక్కాయల గోడౌను కాడ పెట్టినావా?"

నల్ల చొక్కా డిక్కీ వైపు చూశాడు. "ఆ... పెట్టినా."

"అదీ సంగతి! ఎలుక దూరింది."

ఈ పక్క మెకానిక్‌లందరి నోటా మొదట వచ్చే మాట అదే. నూటికి తొంభై సార్లు నిజమే. వెనక సీటు ఊడదీసి వైరు వైరూ చూస్తే గానీ తేలదని ఆంజికి తెలుసు. అది గంట పని.

గంట ఎక్కడిది? అన్న ఎక్కడున్నాడో!

పక్కన రామక్క హోటల్ పొయ్యిలోంచి పాత మూకుడు నిండా నిప్పులు తెచ్చాడు. గుప్పెడు ఎండు మిరపకాయలు వేశాడు. చేనులో ఎలుక బొక్కకు పెట్టే పొగే ఇది. మూకుడు వెనక సీటు కింద పెట్టి, డోర్లన్నీ మూసేశాడు.

"పొగ సీటు సందులోంచి డిక్కీలోకి పోతాది. ఎలుక కళ్లు మండి చస్తాది."

నల్ల చొక్కా మొదటిసారి నవ్వాడు.

"ఎయ్యప్పా... ఇంగో గుప్పెడు ఎయ్యి!"

వేశాడు.

దడ్!

డిక్కీ రేకు అదిరింది. దడ్... దడ్! కారు మొత్తం ఊగింది.

"అబ్బో, ఎలుక కాదన్నా, పందికొక్కు!"

"చావనీ," అన్నాడు నల్ల చొక్కా మెల్లగా.

దడ్...

గరగర...

ఆగిపోయింది.

స్క్రీన్ మీద క్లోజ్. మళ్లీ క్లోజ్. ఫాల్ట్ లేదు!

"అయిపోయిందన్నా!" ఆంజి డోర్లు తెరిచి, మూకుడు బయటికి లాగాడు. దగ్గుతూనే ఫ్యూజు గుచ్చాడు.

బైక్ తాళంచెవి దుమ్ములో వచ్చి పడింది. నల్ల చొక్కా మొహానికి గుడ్డ కట్టుకుని స్టీరింగ్ ముందు కూర్చున్నాడు.

స్కానర్ పిన్ను పీకే ముందు, ఓపెన్ అయినప్పుడల్లా పైకి లేచే గీతగా ట్యాబ్‌లో పడిన రికార్డింగ్ ఒకసారి వెనక్కి తిప్పి చూడటం ఆంజి అలవాటు. ఎలుక కొరికితే గీత అడ్డదిడ్డంగా ఉంటుంది.

ఈ గీత అట్లా లేదు.

రెండు పొట్టివి. ఒకటి పొడుగు.

మళ్లీ... రెండు పొట్టివి. ఒకటి పొడుగు!

ఎలుకకు లెక్క తెలుసా?

ఆంజి ట్యాబ్ మీదికి వంగాడు. వేలితో గీతను ముందుకు తోశాడు. పొగ పెట్టిన దగ్గర గీత పిచ్చిపిచ్చిగా ఎగిరింది. చివర్లో ఒక పొట్టిది. ఇంకొక పొట్టిది.

పొడుగుది రాలేదు!

"అన్నా..."

ట్యాబ్ మీద డిక్కీ రిలీజ్ నొక్కాడు. టక్!

డిక్కీ లేచింది. ఘాటు గుప్పుమంది.

నోటికి ప్లాస్టర్. వెనక్కి కట్టిన చేతులు. రక్తం కారుతున్న వేళ్ల మధ్య రెండు వైర్లు ఇంకా పట్టుకునే ఉన్నాడు ఈరప్ప. కళ్లు ఎర్రగా తెరుచుకుని ఉన్నాయి. రెప్ప పడటం లేదు.

తమ్ముడి గొంతు విన్నాడు. అందుకే ఆ రెండు వైర్లతో పిలిచాడు. ఎలుక అన్నది తమ్ముడే. నిప్పులు తెచ్చింది తమ్ముడే!

ఆంజి మెడ వెనక చల్లగా పిస్టల్ గొట్టం తగిలింది.

ఫోన్ మోగింది. వదిన!

"ఎత్తు," అన్నాడు నల్ల చొక్కా. "కనపడల్యా అని చెప్పు. పానంతో ఇంటికి పోతావు."

ఆంజి ఎత్తాడు.

"ఆంజీ, మీ అన్న..."

"దొరికినాడు వదినా! తెల్ల కారు డిక్కీలో... చంపింది నే..."

ఢాం!