దోనిగుండం రాళ్ల వయసు

"వెలుతురు వస్తోంది ప్రభుగారూ, అటువైపు అంచు కాస్త తొక్కిపట్టండి" అంది డాక్టర్ నఫీసా, నల్లగుడ్డ కిందనుంచి.

మాణిక్యప్రభు చెప్పులు విడిచి, గుడ్డ అంచు మీద రెండు కాళ్లూ పెట్టి నిలబడ్డాడు. పదకొండు గంటలకే ఎండ మాడు పగలగొడుతోంది. అయినా ఆయన మొహం పెళ్లిపెద్ద మొహంలా వెలిగిపోతోంది. వెలగదూ మరి? ముప్పై ఏళ్లుగా ఎదురుచూసిన రోజు డెబ్బై ఒకటో ఏట వచ్చింది.

దోనిగుండం ఊరి వెలుపల బీడులో నూట నలభై ఏడు నిలువురాళ్లున్నాయి. కొన్ని మనిషి నడుమెత్తు, కొన్ని రెండు నిలువుల ఎత్తు. మధ్యమధ్య గుండ్రంగా రాళ్లు పేర్చిన సమాధులు. ఎవరు నిలిపారని ఊళ్లో అడిగితే "రాక్షసులు నిలిపిండ్రు" అని మాట తుంచేస్తారు. సర్వేయర్ ఉద్యోగం చేసే రోజుల్లో ప్రభు ఓ గట్టు తగాదా కొలవడానికి ఈ ఊరొచ్చి, రాళ్లను చూసి అక్కడే మనసు పారేసుకున్నాడు. తనలాంటి పిచ్చివాళ్లను మరో పదిమందిని హైదరాబాద్‌లో పోగేసి, రాతిమిత్రులు అని పేరు పెట్టుకుని, ఏడాదికి రెండు మూడు ఆదివారాలు ఇడ్లీ పొట్లాలతో వ్యాన్లో దిగేవాడు. టేపులు పట్టి కొలిచేవారు, ఆపైన గొంతులు పోయేదాకా వాదించుకునేవారు. ఒకాయన ఇది నక్షత్రాల పటం అంటాడు. ఒకావిడ వానల లెక్క అంటుంది. ఎవరెన్ని చెప్పినా ప్రభుది ఒకటే పాట: "ఇవి మూడువేల ఏళ్ల నాటివి. పెట్టినవాళ్లు ఎప్పుడో అంతరించిపోయారు. వాళ్ల తరఫున మాట్లాడటానికి మనమే మిగిలాం."

ఆ మాట రుజువు చేస్తుందనే నఫీసా మిషను కోసం ఆయన రెండేళ్లు ఆమె లాబ్ చుట్టూ తిరిగాడు. దాని అసలు పేరు గుక్కతిప్పుకోకుండా పలకలేం గనక రాతిమిత్రులు దాన్ని చీకటి మీటర్ అన్నారు. అది చేసే పని తేలికగానే చెప్పుకోవచ్చు. ఇసుక రేణువుల్లో క్వార్ట్జ్ అనే ఖనిజం ఉంటుంది. మట్టిలో సహజంగా ఉండే రేడియేషన్ ఏటా కొంచెం కొంచెంగా ఆ క్వార్ట్జ్‌లో శక్తిని నింపుతుంది. ఒక్కసారి ఎండ తగిలిందా, ఆ శక్తంతా ఖాళీ. మళ్లీ చీకట్లో పడితే మళ్లీ మొదటినుంచి నిండటం. అంటే రాయి పాతినప్పుడు గుంతలో పడ్డ మట్టి, తాను ఎన్నేళ్లుగా ఎండ మొహం చూడలేదో లోపల్లోపలే లెక్క పెట్టుకుంటోందన్నమాట. పూర్వం ఈ లెక్క తీయాలంటే తవ్వి, మట్టిని లాబ్‌కి పట్టుకెళ్లి, నెలల తరబడి కూర్చోవాలి. నఫీసా మిషనుకు వెంట్రుకంత సన్నని సూది ఉంది. రాయి పక్కనుంచి అది గుంత మట్టిలోకి పాకి, పాతిక నిమిషాల్లో సంవత్సరాలు చెప్పేస్తుంది.

"మూడువేల ఎనభై" అంది నఫీసా గుడ్డ కిందనుంచి తల బయటపెట్టి.

రాతిమిత్రులు చప్పట్లు కొట్టారు. ప్రభు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఇక చచ్చిపోయినా ఫర్వాలేదనిపించింది ఆయనకు.

అలా రెండు రోజులు గడిచాయి. మూడో రోజు పడమటి వరసకు వచ్చారు. నఫీసా తెర చూసి, సూది బయటికి తీసి, తుడిచి, మళ్లీ పెట్టింది.

"ముప్పై ఏడు."

"ముప్పై ఏడు వందలా?" అన్నాడు ప్రభు ఆశగా.

"కాదండీ. ముప్పై ఏడేళ్లు."

"మిషను వేడెక్కిందేమో చూడండి."

చూసింది. చల్లబరిచింది. పక్క రాయికి పెట్టింది. యాభై రెండు. ఆ పక్కది ఇరవై రెండు. ఇంకొంచెం ఇవతలిది నూట నలభై. సాయంత్రానికి నఫీసా కాగితం మీద గీత గీసి చూపించింది. మూడువేల ఏళ్లనాడు మొదలైన ఆ గీత ఎక్కడా తెగలేదు. ఏ వందేళ్లు తీసుకున్నా అందులో కొన్ని రాళ్లున్నాయి. అన్నిటికంటే కొత్త రాయి వయసు పదమూడేళ్లు.

"ఇవి పెట్టినవాళ్లు అంతరించిపోలేదు ప్రభుగారూ" అంది నఫీసా. ఆమె మొహం నిండా సంతోషం. "ఈ ఊళ్లోనే ఉన్నారు. మొన్న మొన్నటిదాకా పెడుతూనే ఉన్నారు."

ప్రభు గుడ్డ మీదనుంచి దిగాడు. సంచిలోంచి పాత ఫీల్డ్‌బుక్ తీశాడు. మొదటిసారి లెక్కపెట్టినప్పుడు నూట ముప్పై మూడు. మరుసటేడు నూట ముప్పై నాలుగు. ఆ తర్వాత నూట ముప్పై ఆరు. ప్రతిసారీ, క్రితంసారి తానే ఒకటి వదిలేశానని నాలుక కరుచుకుని, పాత అంకె కొట్టేసి కొత్తది రాశాడు. జన్మంతా భూములు కొలిచినవాడు రాళ్లు లెక్కపెట్టలేకపోయాడని మిత్రులు ఆటపట్టిస్తే ఆయనా నవ్వాడు. సంఘం పత్రికలో క్షమాపణ కూడా వేయించాడు! పన్నెండేళ్ల కిందట రాళ్ల చుట్టూ కంచె వేశారు. అప్పటినుంచి లెక్క నూట నలభై ఏడు దగ్గర కదలకుండా నిలిచింది. తనకు లెక్క కుదిరిందని మురిసిపోయాడు.

ఆ కంచె వేయించిందీ ఆయనే. రోడ్డు కాంట్రాక్టర్ మనుషులు రెండు రాళ్లు పగలగొట్టి కంకర చేస్తే, ఆయన కడుపు రగిలిపోయి ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగాడు. చివరికి రక్షిత స్థలం అని బోర్డు, ఇనుప కంచె, గేటు, తాళం వచ్చాయి, వాచ్‌మన్ వచ్చాడు. లోపల ఏదీ కదిలించరాదు, ఏదీ కొత్తగా పెట్టరాదు.

మిషను సంగతి ఊళ్లోకి పాకింది. మర్నాడు పొద్దున్నే గేటు దగ్గర తిప్పమ్మ నిలబడి ఉంది. డెబ్బై దాటిన మనిషి. ముప్పై ఏళ్లుగా రాతిమిత్రులకు మజ్జిగ పోసిన చెయ్యి.

"మా రాళ్లయి అని తెల్సిందట గద సారూ, నీ మిషనుకు" అంది.

"ఎన్నిసార్లు అడిగాను తిప్పమ్మా. రాక్షసులు అన్నారు గదా మీరంతా."

"ఇక్కడ సచ్చినోళ్ల పేరు నోట్ల రావొద్దు. పరాయోళ్లు అడిగితే రాక్షసులు అనాలె. మా అవ్వ గట్లనే జెప్పింది. నువ్వు రాసుకుంటుంటివి, మేం నవ్వుకుంటుంటిమి."

తర్వాత ఆమె చెప్పిందంతా ప్రభు తలొంచుకుని విన్నాడు. ఇంటిపెద్ద పోతే ఏడాది తిరిగిననాడు రాయి నిలుపుతారు. నిలిపేవాడు ఊరికి ఒక్కడే ఉంటాడు. అతను చనిపోయినప్పుడు, అతని రాయిని నిలిపినవాడే తర్వాతి నిలిపేవాడు. అది జరిగేదాకా ఊళ్లో మరే రాయీ లేవకూడదు. తిప్పమ్మ పెనిమిటి ఉసేనప్పే ఆ నిలిపేవాడు. కంచె పడ్డ మరుసటేడు పోయాడు. ఆయన రాయి పదకొండేళ్లుగా గొడ్ల కొట్టంలో గడ్డి కింద పడి ఉంది. దాని వెనక మరో ఆరిళ్ల రాళ్లు ఎదురుచూస్తున్నాయి.

"మరి తర్వాత నిలపాల్సినవాళ్లు?"

"లింగప్ప. మావోని దగ్గర పనంత నేర్సిండు. ఇప్పుడు ఆయాసం. మంచంల కూసుంటే లేస్తలేడు. ఆయన ఉన్నప్పుడే మావోన్ని నిలబెట్టనీయి సారూ. నీకు దండం పెడ్త."

ఆమె నిజంగానే చేతులు జోడించింది. ప్రభుకు తల కొట్టేసినట్టయింది. పక్కనే ఉన్న వాచ్‌మన్ గొంతు తగ్గించి, "మీరు ఊ అంటే పొద్దున్నే తాళం తీస్త సార్. రెండు గంటల పని. ఎవరు లెక్కబెడ్తరు?" అన్నాడు.

ప్రభు నఫీసాను పక్కకు పిలిచి అడిగాడు. ఆమె ఆలోచించే చెప్పింది.

"నాకూ పెట్టనివ్వాలనే ఉంది. కానీ నేనిక్కడ ఉండగా కొత్త రాయి లేస్తే, కొత్తవన్నీ మేమే పెట్టించామంటారు. మూడువేల ఏళ్ల సాక్ష్యం ఒక్క పూటలో అబద్ధమైపోతుంది. రిపోర్టు బయటికి రానివ్వండి. బతికున్న ఆచారమని తేలితే ప్రభుత్వమే పిలిచి అనుమతిస్తుంది. నాలుగైదు నెలలు."

ఆ మాటలో తప్పేముంది? ఏమీ లేదు. ప్రభు జీవితమంతా కాగితం మీద సంతకం పడితేనే హద్దురాయి పాతినవాడు. "కొన్నాళ్లు ఓపిక పట్టు తిప్పమ్మా, దర్జాగా నిలబెడదాం" అన్నాడు. ఆమె తల ఊపింది. ఆ ఊపుకు అర్థం సరేనని అనుకున్నాడు.

రిపోర్టు వచ్చింది. ప్రపంచంలో ఎక్కడెక్కడివాళ్లో దోనిగుండం పేరు పలకడం నేర్చుకున్నారు. పాత కంచె చాలదని ఇంకో కంచె వేశారు. కెమెరాలు పెట్టారు. ఇంత విలువైన చోట ఒక రాయి చేర్చాలా వద్దా అని ఒక కమిటీ పడింది, అది చాలదని ఇంకో కమిటీ. వాచ్‌మన్‌ను బదిలీ చేశారు. ప్రభు నెలకు రెండుసార్లు ఆఫీసుకు వెళ్లి బెంచీ మీద కూర్చునేవాడు. ఫైలు కదులుతోంది అనేవారు, కదులుతూనే ఉండేది.

మధ్యలో ఒకసారి లింగప్పను చూడబోయాడు. మనిషి ఎముకల గూడు.

"ఎలా నిలుపుతారో నోటితో చెప్పు లింగప్పా, నేను రాసుకుంటాను."

"నోటితోటి వొచ్చేది కాదు సారూ" అన్నాడు లింగప్ప దమ్ము తీసుకుంటూ. "రాయి ముందల ఉండాలె. చెయ్యి మీద చెయ్యి వేసి చూపాలె. రాయిని ముందల పెట్టు, చూపిస్త."

అనుమతి పదిహేడు నెలలకు వచ్చింది. ప్రభు ఆ కాగితం పట్టుకుని నఫీసాతో కలిసి తిప్పమ్మ ఇంటికి వెళ్లాడు. ఆమె గొడ్ల కొట్టంలో ఉంది. గడ్డి పక్కకు లాగి రాయిని చూపించింది. ఒక కొస సన్నగా, ఒక కొస వెడల్పుగా ఉన్న నల్లటి పలక. ఏ కొస కిందికో ప్రభుకు తెలియలేదు.

"సదువు సారూ" అంది.

చదివాడు. శ్రీ ఉసేనప్ప స్మారకార్థం ఒక శిల నిలుపుటకు అనుమతించడమైనది. యంత్రములు, సిమెంటు వాడరాదు. పరంపరాగత పద్ధతిలో, ఆ పద్ధతి తెలిసిన వ్యక్తి చేతనే నిలుపవలెను.

"లింగప్ప పోయి నలభై దినాలాయె. పని తెల్సినోడు ఇంకొకడు లేడు" అంది తిప్పమ్మ.

ప్రభుకు తెలుసు. ఆ కబురు అందిన రోజు ఆయన అన్నం ముట్టలేదు. గేటు దగ్గర ఆ పొద్దున ఊ అని ఉంటే అని ఆ రోజు మొదలు అనుకుంటూనే ఉన్నాడు.

నఫీసా ఆ కాగితం తీసుకుని చివరి వాక్యం మళ్లీ చదివింది. ఆమె మిషను ఆ రాళ్లలో ప్రతిదాన్నీ ఎప్పుడు నిలిపారో చెప్పగలదు.

తిప్పమ్మ ప్రభు వైపు తిరిగింది. ఆమె గొంతులో కోపం లేదు.

"ముప్పయ్యేండ్ల సంది కొలుస్తుంటివి గద సారూ. ఎట్ల నిలుపుతరో నీకు తెల్వదా?"

ఆయనకు నూట నలభై ఏడు రాళ్ల ఎత్తు తెలుసు. చుట్టుకొలత తెలుసు, ఏది ఎటు ఎన్ని డిగ్రీలు ఒరిగిందో తెలుసు, ఇప్పుడు వయసులూ తెలుసు.

"తెలియదమ్మా" అన్నాడు. "ఎవరు పెట్టారనే అడిగాను గాని, ఎలా పెట్టారని ఎప్పుడూ అడగలేదు."

"మేము గూడ నవ్వుకుంట ఊకుంటిమి" అంది తిప్పమ్మ.

తర్వాత ఆమె వంగి గడ్డి మళ్లీ దాని మీదికి లాగింది. ప్రభు కూడా కూర్చుని రెండు చేతులా గడ్డి సర్దాడు.